పదునైన ఓపెనింగ్, డ్రాగా ముగిసిన ఆట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలాంటి ఓపెనింగ్‌ను పదునైనది అంటారు?

చదరంగంలో ఆట తొలి ఎత్తుల వరుసను ఓపెనింగ్ అంటారు. ఒక్క ఎత్తు తప్పినా ఆట మొత్తం చేజారిపోయే స్థితికి ఇరుపక్షాలనూ తొందరగా తీసుకువెళ్లే ఓపెనింగ్‌ను పదునైనదని అంటారు. అలాంటి ఆటల్లో ఇద్దరి రాజులు చెరొక పక్కకు క్యాస్లింగ్ (రాజును పక్కకు జరిపి ఏనుగును దాని పక్కన నిలిపే ఎత్తు) చేసుకోవడమో, ఒక రాజు క్యాస్లింగ్ లేకుండా నడిమధ్యన చిక్కుబడటమో, ఒకరు బంట్లను తీసుకుంటూ ఉండగా ఆ వ్యవధిలో మరొకరు దాడికి పావులను చేర్చుకోవడమో కనిపిస్తుంది. సిసీలియన్ డిఫెన్స్‌లో నైడార్ఫ్, డ్రాగన్, స్వెష్నికోవ్ పద్ధతులు, ఫ్రెంచ్ డిఫెన్స్‌లో వినావర్, రూయ్ లోపెజ్‌లో మార్షల్ ఎటాక్, పాతకాలపు కింగ్స్ గాంబిట్ ఈ కోవలోనివే. నెమ్మదిగా సాగే ఓపెనింగ్‌లో సాధారణ సూత్రాలు తెలిసినవారు పది పదిహేను ఎత్తుల వరకు క్షేమంగా నడవగలరు. పదునైన ఓపెనింగ్‌లో మాత్రం సూత్రాల కంటే లెక్కకే విలువ ఎక్కువ.

అంత పదునుగా మొదలైన ఆటలో ఎవరో ఒకరు గెలవాలి కదా, డ్రా ఎలా అవుతుంది?

చదరంగం చూసేవారికి కలిగే సందేహాల్లో ఇదే మొదటిది. దీనికి జవాబు ఆట స్వభావంలోనే ఉంది. ఆరంభ స్థానంలో ఇరుపక్షాల బలం దాదాపు సమానం కాబట్టి, ఎవరూ తప్పు చేయకపోతే ఫలితం డ్రా కావాలని బలమైన ఆటగాళ్లు చాలాకాలంగా నమ్ముతున్నారు. ఇది గణితపరంగా ఇంతవరకు రుజువు కాలేదు గాని, కంప్యూటర్ల ఆట చూసినకొద్దీ ఆ నమ్మకం బలపడుతూనే వచ్చింది. పదునైన ఓపెనింగ్ ఆ సమతూకాన్ని చెరపదు, తప్పుకు చెల్లించవలసిన మూల్యాన్ని మాత్రం పెంచుతుంది. ఇద్దరూ ఆ మూల్యం చెల్లించకుండా తప్పించుకోగలిగితే ఆట మళ్లీ సమానం దగ్గరకే చేరుతుంది.

అది చేరే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది, ఎక్కువగా కనిపించేది, పర్పెచ్యువల్ చెక్: ఒక పక్షం ఆగకుండా చెక్ ఇస్తూ పోతుంది, ఎదుటి రాజు తప్పించుకోలేదు, చెక్ ఇచ్చేవాడు మేట్ చేయలేడు. పదునైన ఆటల్లో రాజుల ముందున్న బంట్ల గోడలు త్వరగా కూలిపోతాయి కాబట్టి ఒక్క మంత్రి మిగిలితే చాలు, ఈ ఆయుధం చేతిలో ఉన్నట్టే. దాడి చేసేవాడు చాలా పావులను బలి ఇచ్చిన తరువాత మేట్ అందకపోతే చివరి రక్షణ కూడా ఇదే. రెండవది పావుల మార్పిళ్లు: ఇరవై ఎత్తుల తుపానులో రెండు వైపులా పావులు బోర్డు మీద నుంచి వెళ్లిపోయి, ఒక బంటు అటో ఇటో తేడాగా ఎండ్‌గేమ్ (కొద్ది పావులతో సాగే చివరి దశ) మిగులుతుంది, ఆ ఒక్క బంటు గెలుపుకు చాలదు. మార్షల్ ఎటాక్ ఈ రెండవ దారికి మంచి ఉదాహరణ. 1918లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్ దాన్ని కాపబ్లాంకాపై ప్రయోగించినప్పుడు అది గెలుపు కోసం చేసిన దాడి, ఆ ఆటలో కాపబ్లాంకాయే నెగ్గాడు. నేడు అగ్రశ్రేణిలో దాన్ని ఎంచుకునేవారిలో ఎక్కువమంది, బంటు తక్కువైనా రెండు శకటాల బలంతో నల్ల పావులకు నిబ్బరంగా డ్రా సాధించుకోవడానికే ఎంచుకుంటారు. ఒకే ఓపెనింగ్ వందేళ్లలో కత్తి నుంచి డాలుగా మారిపోయింది.

ఒక్క ఆటను ఉదాహరణగా చూడాలంటే దేన్ని చూడాలి?

నన్ను అడిగితే 1960లో లైప్‌జిగ్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీలో) బాబీ ఫిషర్, మిఖాయిల్ తాల్ ఆడిన ఆటను ముందుగా చూడమంటాను. ఆ ఏడాది మే నెలలో బోత్విన్నిక్‌ను ఓడించి తాల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఫిషర్‌కు అప్పటికి 17 ఏళ్లు. అంతకుముందు ఏడాది ప్రపంచ చాంపియన్‌తో ఆడేవారిని ఎంపిక చేసే క్యాండిడేట్స్ టోర్నీలో ఫిషర్‌తో ఆడిన నాలుగు ఆటలనూ తాల్ గెలిచాడన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ బోర్డు దగ్గర ఎంత వేడి ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఆట 21 ఎత్తుల్లో ముగిసింది, అయినా వాటిలో నిద్రపోయే ఎత్తు ఒక్కటీ లేదు.

ఎత్తులు ఇవి, తెల్ల పావులు ఫిషర్‌వి. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, శకటం అంటే బిషప్. నిలువు వరుసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని రాశాను, పావును తీయడాన్ని × గుర్తు సూచిస్తుంది, పావు పేరు లేనిచోట ఎత్తు బంటుది.

1. ఇ4, ఇ6 2. డి4, డి5 3. గుర్రం సి3, శకటం బి4 4. ఇ5, సి5 5. ఎ3, శకటం ఎ5 6. బి4, సి×డి4 7. మంత్రి జి4, గుర్రం ఇ7 8. బి×ఎ5, డి×సి3 9. మంత్రి×జి7, ఏనుగు జి8 10. మంత్రి×హెచ్7, బి8 గుర్రం సి6 11. గుర్రం ఎఫ్3, మంత్రి సి7 12. శకటం బి5, శకటం డి7 13. చిన్న క్యాస్లింగ్, పెద్ద క్యాస్లింగ్ 14. శకటం జి5, గుర్రం×ఇ5 15. గుర్రం×ఇ5, శకటం×బి5 16. గుర్రం×ఎఫ్7, శకటం×ఎఫ్1 17. గుర్రం×డి8, ఏనుగు×జి5 18. గుర్రం×ఇ6, ఏనుగు×జి2 చెక్ 19. రాజు హెచ్1, మంత్రి ఇ5 20. ఏనుగు×ఎఫ్1, మంత్రి×ఇ6 21. రాజు×జి2, మంత్రి జి4 చెక్. డ్రా.

పదో ఎత్తుకల్లా పదును ఎక్కడుందో కనిపిస్తుంది. ఫిషర్ తన మంత్రితో నల్లవాళ్ల రాజు పక్క ఉన్న జి, హెచ్ బంట్లను రెండింటినీ తీసుకున్నాడు, ఆ మంత్రి మాత్రం మిగతా సైన్యానికి దూరంగా ఒంటరిగా నిలిచిపోయింది. తాల్‌కు ప్రతిఫలంగా జి వరుస ఏనుగుకు తెరుచుకుంది, సి3లో ఒక బంటు ముల్లులా దిగబడింది. 14వ ఎత్తు నుంచి 18వ ఎత్తు వరకు ప్రతి ఎత్తులోనూ ఎవరో ఒకరు ఒక పావును తీస్తూనే ఉన్నారు. ఒక పావు తన చేతిలో నుంచి పోతుంటే దాన్ని కాపాడుకోవడం మానేసి, అంతకు సమానమైన ఎదుటివాడి పావును తీయడమే ఇద్దరూ చేసిన పని. ఇలాంటి పరస్పర సంహారంలో ఎవరైనా ఒక్కసారి వెనక్కి తగ్గి రక్షించుకునే ఎత్తు వేస్తే లెక్క తప్పిపోతుంది. ఇద్దరూ తగ్గలేదు.

చివరి స్థితిలో ఫిషర్ దగ్గర బలం ఎక్కువగానే ఉంది కదా, ఎందుకు గెలవలేకపోయాడు?

నిజమే. 21వ ఎత్తు తరువాత తెల్లకు మంత్రితో పాటు ఏనుగు, ఐదు బంట్లు ఉన్నాయి. నల్లకు మంత్రితో పాటు గుర్రం, నాలుగు బంట్లు మాత్రమే ఉన్నాయి. లెక్క ప్రకారం తెల్లదే పైచేయి. అయితే తెల్ల మంత్రి హెచ్7లో ఉండిపోయి తన రాజును కాపాడే స్థితిలో లేదు. జి4లో చెక్ పడగానే రాజు హెచ్1కు వెళ్లడం తప్ప మార్గం లేదు. అక్కడ ఎఫ్3 నుంచి చెక్ వస్తే జి1 ఒక్కటే గడి. తిరిగి జి4 నుంచి చెక్ వస్తే మళ్లీ హెచ్1. ఎఫ్1లో ఉన్న సొంత ఏనుగు, ఎఫ్2, హెచ్2లలో ఉన్న సొంత బంట్లే ఆ రాజుకు గోడలయ్యాయి. తాల్‌కు మేట్ లేదు, ఫిషర్‌కు విడుదల లేదు. అందుకే ఆ చెక్‌లను బోర్డు మీద నడిపి చూడవలసిన అవసరం కూడా లేకుండా ఇద్దరూ అక్కడే డ్రాకు ఒప్పుకున్నారు.

18వ ఎత్తు దగ్గర కొందరికి ఇంకో సందేహం వస్తుంది: రాజు జి2లోని ఏనుగును ఎందుకు తీయలేదు అని. ఎఫ్1లో ఉన్న నల్ల శకటం దానికి కాపలాగా ఉంది, కాబట్టి ఆ ఎత్తు నియమం ప్రకారమే చెల్లదు. ఆ శకటాన్నే రాజుతో తీయవచ్చు, కాని అప్పుడు నల్ల ఏనుగు హెచ్2 బంటును తీసి అదే వరుసలో ఉన్న తెల్ల మంత్రి మీదకు గురిపెడుతుంది, సి7లోని మంత్రి వెనక నుంచి ఆ ఏనుగుకు అండగా ఉంటుంది. ఫిషర్ రాజును మూలకు జరపడం పిరికితనం కాదు, లెక్క.

అలా చెక్‌లు ఇస్తూ పోతే డ్రా అని నియమావళిలో రాసి ఉందా?

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమావళిలో పర్పెచ్యువల్ చెక్ పేరుతో ప్రత్యేకమైన నియమం లేదు. ఆచరణలో అది పరస్పర అంగీకారంతోనో, ఒకే స్థితి మూడుసార్లు రావడంతోనో ముగుస్తుంది.

ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని ఎలా కోరాలి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. మూడుసార్లు రావలసింది ఎత్తు కాదు, స్థితి. అన్ని పావులు అవే గడుల్లో ఉండాలి, ఎత్తు వేయవలసిన వంతు అదే ఆటగాడిది కావాలి, క్యాస్లింగ్ హక్కులు, ఎన్ పాసాంట్ (రెండు గడులు దూకి పక్కకు వచ్చిన బంటును వెంటనే తీసే) అవకాశం కూడా మారకుండా ఉండాలి. ఈ మూడు సందర్భాలు వరుసగా రావాలన్న నిబంధన లేదు. మీరు వేయబోయే ఎత్తుతో మూడవసారి వస్తుందనుకుంటే, ఆ ఎత్తును బోర్డు మీద వేయకుండా ముందు స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాసి ఆర్బిటర్‌కు (పోటీ న్యాయనిర్ణేతకు) చెప్పాలి. ప్రత్యర్థి ఎత్తుతో ఇప్పటికే వచ్చిందనుకుంటే మీ ఎత్తు వేయకముందే చెప్పాలి. ఎత్తు వేసేసిన తరువాత ఆ అవకాశం పోతుంది. మీరు కోరింది తప్పని తేలితే ఆర్బిటర్ ప్రత్యర్థి గడియారానికి రెండు నిమిషాలు కలుపుతాడు, ఆట కొనసాగుతుంది. ఎవరూ కోరకపోయినా ఒకే స్థితి ఐదుసార్లు వస్తే ఆర్బిటర్ తానే ఆటను డ్రాగా ప్రకటించాలి.

యాభై ఎత్తుల నియమం సంగతి?

బంటు కదలకుండా, పావు పోకుండా ఇద్దరూ చెరి యాభై ఎత్తులు వేస్తే డ్రా కోరవచ్చు, డెబ్బై ఐదు అయితే అది దానంతటదే డ్రా. పదునైన ఓపెనింగ్‌లకు దీనితో పని పడటం అరుదు.

‘అమర డ్రా’ అని పేరుపడిన ఆట ఏది?

1872లో వియన్నాలో కార్ల్ హాంపే, ఫిలిప్ మైట్నర్ ఆడినది. వియన్నా గేమ్‌లో తెల్ల పావులతో ఆడిన హాంపే మూడవ ఎత్తులో గుర్రాన్ని ఎ4కు పంపి సి5లోని శకటాన్ని బెదిరించాడు. మైట్నర్ ఆ శకటాన్ని వెనక్కి తీసుకోకుండా ఎఫ్2 బంటు మీద బలి ఇచ్చాడు. అక్కడి నుంచి తెల్ల రాజు ప్రయాణం మొదలైంది: ఎఫ్2, ఇ3, డి3, సి3, బి3. తొమ్మిదో ఎత్తులో నల్ల మంత్రి ఎ4లోని గుర్రాన్ని తీసి తానూ బలైంది. ఆ తరువాత ఒక గుర్రం పోయింది. తెల్ల రాజు సి5కు, బి5కు, చివరికి రెండో గుర్రాన్ని కూడా తీస్తూ సి6కు చేరాడు. ప్రత్యర్థి కోటలో ఆరవ అడ్డు వరుసలో నిలిచిన రాజు, మంత్రినీ శకటాన్నీ రెండు గుర్రాలనూ వదులుకున్న నల్లపక్షం: ఆ చిత్రాన్ని చూసి తెల్ల గెలుపు ఖాయమని అనుకోనివారు ఉండరు.

అప్పుడు మైట్నర్ తన మిగిలిన శకటంతో బి7 నుంచి చెక్ ఇచ్చాడు. ఆ శకటాన్ని కాపాడే పావు లేదు, రాజు దాన్ని తీయవచ్చు. తీస్తే నల్ల రాజు డి7కు జరుగుతుంది, తెల్ల మంత్రి జి4 నుంచి చెక్ ఇచ్చినా నల్ల రాజు డి6కు వెళుతుంది, ఆ తరువాత హెచ్8లోని ఏనుగు బి8కు వచ్చి మేట్ చేయడాన్ని ఆపడం సాధ్యం కాదు. అందుకని రాజు బి5కు తిరిగి వచ్చాడు. శకటం ఎ6 నుంచి చెక్ ఇచ్చింది. అక్కడ ఎ4కు పారిపోతే శకటం సి4కు వెళ్లి, బి బంటుతో మేట్ సిద్ధమవుతుంది. కాబట్టి మళ్లీ సి6, మళ్లీ బి7 నుంచి చెక్. ఆట 18 ఎత్తుల్లో డ్రా. గెలిచిన ఆటలకే అమరత్వం దక్కుతుందనుకునేవారికి నేను చూపే ఆట ఇదే.

కొన్ని పదునైన డ్రాలు ముందే తయారుచేసుకున్నవి అంటారు, అది నిజమేనా?

నిజమే, ఇందులో దాచవలసింది ఏమీ లేదు. 1914లో మాస్కోలో అలెఖిన్, అప్పటి ప్రపంచ చాంపియన్ ఎమాన్యుయల్ లాస్కర్ ఆడిన ఆటను తీసుకోండి. స్కాచ్ ఓపెనింగ్‌లో అలెఖిన్ 13వ ఎత్తులో హెచ్6లో శకటాన్ని, మరుసటి ఎత్తులో ఇ6లో ఏనుగును బలి ఇచ్చి, జి3 నుంచి చెక్ ఇచ్చి, 16వ ఎత్తులో మంత్రిని జి6లో నిలిపాడు. అక్కడే డ్రా. ఆ రోజున అది బోర్డు మీద పుట్టిన సృష్టి. కాని ఆ తరువాతి దశాబ్దాల్లో, పోరాడే ఉద్దేశం లేని ఆటగాళ్లు అదే ఆటను అక్షరాలా తిరిగి ఆడి, ప్రేక్షకులకు రెండు బలులు చూపించి, అర పాయింటు చొప్పున పంచుకుని వెళ్లిన సందర్భాలు అనేకం ఉన్నాయి. ఎత్తులు అవే అయినా రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

నేటి కాలంలో అంతకంటే సాదాగా జరిగే పని ఒకటుంది. రూయ్ లోపెజ్ బెర్లిన్ డిఫెన్స్‌లో గుర్రాలు, శకటాలు కొన్ని మారిపోయాక తెల్ల మంత్రి ఇ4, డి4 గడుల మధ్య, నల్ల మంత్రి ఇ6, డి6 గడుల మధ్య తిరుగుతూ 14 ఎత్తుల్లో ఆటను ముగించే వరుస అందరికీ తెలిసినదే. అందులో పదును లేదు, బలి లేదు, కనీసం నటన కూడా లేదు. ఆ నిజాయితీకి మెచ్చుకోవాలో, చూసేవారి సమయం పోయినందుకు విసుక్కోవాలో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ రెండింటి మధ్యన మరో రకం ఉంది. 2004లో మాస్కోలో స్పెయిన్ ఆటగాడు వాయెహో పోన్స్‌తో నల్ల పావులతో ఆడిన కాస్పరోవ్ నైడార్ఫ్‌లోని విషపు బంటు పద్ధతిని ఎంచుకున్నాడు. తెల్ల మూడు బంట్లను వదులుకుని నల్ల రాజు మీదకు పావులను కేంద్రీకరించింది, నల్ల ఒక్కొక్క దెబ్బనూ కాచుకుంది, ఆట డ్రా అయింది. ఆధునిక గ్రాండ్‌మాస్టర్ డ్రాకు ఇది నమూనా అని కాస్పరోవ్ స్వయంగా అన్నాడు. ఇంట్లో చేసిన విశ్లేషణ ఎక్కడ ముగిసిందో, బోర్డు దగ్గర ఆలోచన ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం ఇలాంటి ఆటల్లో కష్టం.

విషపు బంటు పద్ధతి అంటే ఏమిటి, అది అంత ప్రమాదకరమా?

నైడార్ఫ్‌లో ఆరవ ఎత్తున తెల్ల శకటం జి5కు వచ్చి, ఎఫ్ బంటు ముందుకు కదిలాక, నల్ల మంత్రి బి6కు వచ్చి బి2లోని బంటును తీసుకుంటుంది. ఓపెనింగ్‌లో మంత్రితో బంట్లు ఏరుకోవద్దని ప్రతి గురువూ మొదటి పాఠంలో చెప్పే మాటకు ఇది నేరుగా ఎదురు తిరగడమే. ప్రమాదం ఎంతో తెలియాలంటే 1972లో రేక్‌జావిక్‌లో స్పాస్కీ, ఫిషర్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ చాలు. ఏడవ ఆటలో ఫిషర్ ఆ బంటును తీసుకున్నాడు, పైచేయి కూడా సాధించాడు, అయినా 49 ఎత్తుల తరువాత ఆట డ్రా అయింది. పదకొండవ ఆటలో మళ్లీ అదే బంటును తీసుకున్నాడు. స్పాస్కీ 14వ ఎత్తులో తన గుర్రాన్ని వెనక్కి, తాను పుట్టిన బి1 గడికే పంపాడు. ఎవరూ ఊహించని ఆ ఎత్తు తరువాత ఫిషర్ మంత్రి దిక్కుతోచక చిక్కుకుంది, స్పాస్కీ గెలిచాడు. ఒకే మ్యాచ్, ఒకే పద్ధతి, ఒకే ఆటగాడు. ఒకసారి డ్రా, ఒకసారి ఘోర పరాజయం. డ్రా అయిన పదునైన ఆటను చూసి ‘ఏమీ జరగలేదు’ అనేవారు ఈ రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కంప్యూటర్ 0.00 అని చూపిస్తే ఆ స్థితి చప్పనిదనేనా?

కాదు. ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఇద్దరూ అత్యుత్తమమైన ఎత్తులే వేస్తే ఎవరికీ ఆధిక్యం రాదని ఆ యంత్రం లెక్కగట్టింది. అందులో ఆ అత్యుత్తమమైన ఎత్తును కనుగొనడం ఎంత కష్టమో ఉండదు. రెండు రాజులు, రెండు బంట్లు మాత్రమే మిగిలిన చచ్చిన స్థితికీ 0.00 వస్తుంది. లైప్‌జిగ్ ఆటలో లాగా ప్రతి ఎత్తుకూ ఒకే ఒక్క సరైన జవాబు ఉండి, మిగతావన్నీ ఓటమికి దారితీసే స్థితికీ అదే 0.00 రావచ్చు. మొదటి దానిలో మనిషికి పని లేదు, రెండవ దానిలో గంట సేపు చెమటోడ్చవలసి ఉంటుంది. పదునైన ఆటను యంత్రంతో విశ్లేషించేటప్పుడు అంకెను కాక, మొదటి ఎత్తుకూ రెండవ ఉత్తమ ఎత్తుకూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడాయే పదునుకు కొలమానం.

కరస్పాండెన్స్ చదరంగంలో (ఎత్తులను దూరం నుంచి పంపుకుంటూ రోజుల తరబడి ఆడే ఆటలో) యంత్రాల సాయం అనుమతించిన పోటీల్లో నేడు అత్యధిక ఆటలు డ్రాలుగా ముగుస్తున్నాయి, వాటిలో పదునైన ఓపెనింగ్‌లు కూడా ఉన్నాయి. బోర్డు ముందు కూర్చున్న మనుషుల మధ్య అదే ఓపెనింగ్ ఇప్పటికీ గెలుపోటములను ఇస్తోందంటే కారణం గడియారం, అలసట, జ్ఞాపకశక్తి.

ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లలో డ్రాలు ఎక్కువ కావడానికి భయమే కారణమా?

కొంత భయం, కొంత సన్నద్ధత. 2018లో లండన్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన పన్నెండు క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటలూ డ్రా అయ్యాయి. ఈ వాక్యం ఒక్కటే విన్నవారు అది నిస్సారమైన మ్యాచ్ అనుకుంటారు. కాని నల్ల పావులతో కార్ల్‌సన్ ఎనిమిదో, పదో, పన్నెండో ఆటల్లో స్వెష్నికోవ్ సిసీలియన్‌నే ఆడాడు, కరువానా ఏడవ ఎత్తున గుర్రాన్ని డి5కు దూకించి ప్రతిసారీ ఆటను అసమతూకంలోకి నెట్టాడు. ఎనిమిదో ఆటలో కరువానాకు మంచి అవకాశం చిక్కింది, ఒక్క నెమ్మది ఎత్తుతో అది జారిపోయింది. ఇలాంటి డ్రాలకు భయం కారణమని నేను అనలేను. పన్నెండో ఆట సంగతి వేరు: మెరుగైన స్థితిలో ఉండి, గడియారంలోనూ పైచేయి ఉన్న కార్ల్‌సన్ 31వ ఎత్తున డ్రా ప్రతిపాదించాడు. విమర్శలు వచ్చాయి. తరువాత విజేతను తేల్చేందుకు తక్కువ సమయంతో ఆడిన రాపిడ్ టైబ్రేక్‌లో అతడు 3–0తో గెలిచి కిరీటం నిలబెట్టుకోవడంతో ఆ లెక్క ఫలించిందనే చెప్పాలి, ఆ డ్రా నచ్చకపోయినా సరే.

1984–85లో కార్పోవ్, కాస్పరోవ్ మొదటి మ్యాచ్‌లో 48 ఆటలకు 40 డ్రాలు. అక్కడ ఆరు గెలుపులు సాధించినవారే విజేత అన్న నియమం వల్ల ఓటమిని తప్పించుకోవడమే ఒక వ్యూహమైపోయింది. విజేత తేలకుండానే ఆ మ్యాచ్‌ను నిలిపివేశారు. డ్రాల సంఖ్యను చూసి ఆటగాళ్లను నిందించే ముందు, వారు ఏ నియమాల కింద ఆడారో చూడటం న్యాయం.

డ్రా ప్రతిపాదించడానికి సరైన పద్ధతి ఏది?

మీ ఎత్తు బోర్డు మీద వేయాలి, ప్రతిపాదన చెప్పాలి, ఆ తరువాత గడియారం నొక్కాలి. ప్రత్యర్థి ఆలోచిస్తుండగా అడగడం నియమావళి దృష్టిలో చెల్లుతుంది గాని, అది మర్యాద కాదు, అతడిని చికాకుపెట్టినట్టు తేలితే ఆర్బిటర్ చర్య తీసుకోవచ్చు. ఒకసారి చేసిన ప్రతిపాదనను వెనక్కి తీసుకోలేరు. ప్రత్యర్థి ఒప్పుకునే వరకో, నోటితో కాదనే వరకో, ఎత్తు వేసే ఉద్దేశంతో పావును ముట్టుకునే వరకో అది నిలిచే ఉంటుంది. స్కోర్‌షీట్‌లో ఇద్దరూ సమాన చిహ్నంతో దాన్ని నమోదు చేయాలి.

త్వరగా డ్రా చేసుకోవడాన్ని నిషేధిస్తే సమస్య తీరదా?

2005లో సోఫియాలో జరిగిన ఎంటెల్ మాస్టర్స్ టోర్నీ ఆ ప్రయత్నం చేసింది. ఆటగాళ్లు ఒకరికొకరు డ్రా ప్రతిపాదించుకోకూడదు, ఆర్బిటర్ ద్వారానే అడగాలి. ఆ పద్ధతికి సోఫియా నియమాలని పేరు స్థిరపడింది. ఫలానా ఎత్తు వరకు ప్రతిపాదన చేయరాదన్న పరిమితిని మరికొన్ని పోటీలు పెట్టుకున్నాయి, 2018 మ్యాచ్‌లో అది ముప్పై ఎత్తులు. ఈ నియమాలు కరచాలనంతో ముగిసే డ్రాలను ఆపగలవు గాని పునరావృతిని ఆపలేవు. బెర్లిన్ వరుస గాని, అలెఖిన్–లాస్కర్ వరుస గాని తెలిసినవారికి ఎవరి అనుమతీ అవసరం లేదు, అదే స్థితిని మూడుసార్లు తెచ్చి లేచిపోవచ్చు. 2019 నుంచి నార్వే చెస్ టోర్నీ మరో దారి పట్టింది: క్లాసికల్ ఆట డ్రా అయితే వెంటనే ఆర్మగెడాన్ అనే తేల్చే వేగపు ఆట ఆడాలి, అందులో డ్రా అయితే నల్ల గెలిచినట్టు లెక్క. నా దృష్టిలో ఇది నిషేధం కంటే తెలివైనది, ఎందుకంటే ఇది డ్రాను నేరంగా చూడకుండానే పోరాటానికి విలువ కడుతుంది.

బలమైన ప్రత్యర్థితో డ్రా అయితే రేటింగ్ పెరుగుతుందా?

పెరుగుతుంది. ప్రత్యర్థి రేటింగ్ మీకంటే 200 పాయింట్లు ఎక్కువైతే మీ నుంచి ఆశించే స్కోరు దాదాపు 0.24. డ్రాతో మీకు 0.5 వస్తుంది, తేడా 0.26. మీ కె గుణకం (తేడాను రేటింగ్ పాయింట్లుగా మార్చే అంకె) 20 అయితే 5.2 పాయింట్లు చేరతాయి. మీకంటే తక్కువ రేటింగ్ ఉన్నవారితో డ్రా అయితే ఇదే లెక్క తలకిందులవుతుంది.

తప్పనిసరిగా గెలవవలసిన ఆటలో పదునైన ఓపెనింగ్ ఎంచుకోవాలా?

చాలామంది అలాగే ఎంచుకుంటారు, అదే పొరపాటు కావచ్చు. పదునైన ఓపెనింగ్‌లో ఎత్తులు బలవంతపు వరుసల్లో నడుస్తాయి, ప్రత్యర్థికి ఆ వరుస చివరి వరకు తెలిసి ఉంటే అతడు మిమ్మల్ని నేరుగా పర్పెచ్యువల్ చెక్ దగ్గరకు నడిపించగలడు. 1987లో సెవిల్లేలో కార్పోవ్‌తో 24వ, చివరి ఆట గెలిస్తే తప్ప కిరీటం దక్కని స్థితిలో కాస్పరోవ్ దాడులకు దిగలేదు. నెమ్మదిగా సాగే ఓపెనింగ్ ఎంచుకుని, పావులన్నీ బోర్డు మీద ఉండేలా చూసుకుని, ఒత్తిడిని గంటల తరబడి కొనసాగించి గెలిచాడు. మ్యాచ్ 12–12తో సమమై చాంపియన్‌షిప్ అతడి దగ్గరే నిలిచింది. గెలుపు కోసం కావలసింది ప్రత్యర్థి తప్పు చేసేందుకు ఎక్కువ అవకాశాలు, అవి ఇరవై ఎత్తుల తుపానులో కంటే అరవై ఎత్తుల నడకలో ఎక్కువగా దొరకవచ్చు. ప్రత్యర్థికి ఆ ఓపెనింగ్ పరిచయం లేదని మీకు గట్టిగా తెలిస్తే మాత్రం పదునును నిస్సంకోచంగా ఎంచుకోండి.

డ్రా అయిన నా సొంత ఆటను ఎలా విశ్లేషించుకోవాలి?

ముందు యంత్రాన్ని తెరవకండి. ఆట మీద మీ జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే, ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ గెలుస్తున్నానని అనుకున్నారో, ఏ ఎత్తును చూసి వదిలేశారో కాగితం మీద రాసుకోండి. ప్రత్యర్థి అందుబాటులో ఉంటే అతడి ఆలోచన కూడా అడిగి తెలుసుకోండి; పదునైన డ్రాలో ఇద్దరూ తామే ఓడిపోతున్నామని అనుకున్న క్షణాలు తరచుగా బయటపడతాయి. ఆ తరువాత యంత్రంతో సరిపోల్చితే మీ అంచనా ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

చెక్‌లు మొదలైన స్థితి నుంచి వెనక్కి నడవడం మరో మంచి పద్ధతి. పర్పెచ్యువల్ చెక్ తప్పనిసరి అయిన ఎత్తు ఏది, దానికి ముందు ఎవరికి వేరే దారి ఉంది, ఆ దారిలో గెలుపు ఉందా ఓటమి ఉందా అన్నది ఒక్కొక్క ఎత్తూ వెనక్కి వెళుతూ చూడాలి. ఇలా వెళ్లినప్పుడు చాలా ఆటల్లో అసలు మలుపు మంత్రి చెక్ ఇచ్చిన చోట కాక, దానికి ఐదారు ఎత్తుల ముందు, ఎవరో ఒక బంటును తీయాలా వద్దా అని తటపటాయించిన చోట కనిపిస్తుంది. ఆ స్థితిని విడిగా భద్రపరచుకుని, నెల తరువాత మళ్లీ కొత్తగా పరిష్కరించి చూడండి.